ఇంజిన్ వెనకాల ఖాళీ రైలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ వారం ఉత్తరాలన్నీ జపాన్ రైళ్ల మీదే వచ్చాయి. ఖమ్మం నుంచి ఒక టీచరమ్మ రాసిన ప్రశ్న రెండు వారాల కిందట ఇక్కడ వేసి, జవాబు తర్వాత ఇస్తానన్నాను. ఈలోగా దాన్ని పట్టుకుని మిగతావాళ్లు కూడా అడగడం మొదలుపెట్టారు. అందుకని అన్నీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

ప్రశ్న: సార్, మేం ఈమధ్య మా అబ్బాయి దగ్గరికి టోక్యో వెళ్లి రెండు నెలలు ఉండి వచ్చాం. ఒకరోజు మధ్యాహ్నం గోతాండా స్టేషన్లో అసాకుసా లైన్ రైలు కోసం నిలబడ్డాం. ఈలోగా ఒక రైలు మెల్లగా వచ్చి ఆగకుండా వెళ్లిపోయింది. ముందు జంటగా రెండు ఇంజిన్లు, వెనకాల ముదురు గులాబీ రంగు పట్టీ ఉన్న ఎనిమిది పెట్టెలు, లోపల ఒక్క మనిషి లేడు. ఆ పెట్టెలు మేం రోజూ ఎక్కే ఓఎడో లైన్‌వి, నాకు బాగా గుర్తు. పక్క రైళ్ల కన్నా చిన్నగా కనిపించాయి కూడా. కరెంటు రైలుకి మళ్లీ ఇంజిన్ ఎందుకు? చెడిపోయిందా? మా వాణ్ని అడిగితే "ఏమో అమ్మా" అన్నాడు. (రిటైర్డ్ టీచర్, ఖమ్మం)

జవాబు: చెడిపోలేదమ్మా. ఆ రైలు ఆరోగ్యంగానే ఉంది, చెకప్‌కి వెళ్తోంది. మీరు చూసిన ఇంజిన్ పేరు ఈ5000. టోక్యో నగరపాలక రవాణా సంస్థ నడిపే తోయెయ్ సబ్‌వేది. ఓఎడో లైన్ రైళ్లని మాగోమే వర్క్‌షాప్‌కి లాక్కెళ్లడం, పని అయ్యాక తిరిగి తీసుకురావడం, దాని ఉద్యోగం ఇదే. 2006లో ఆ పనిలోకి దిగింది. టోక్యోలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు కూడా దాన్ని చూసి ఉండరు. మీరు చూశారు, చూసి గుర్తుపట్టారు. నాకు చాలా సంతోషమేసింది.

ఇక ఎందుకు లాగాలి అన్నది. మామూలు కరెంటు రైలులో మోటారు గుండ్రంగా ఉంటుంది, తిరుగుతుంది, పళ్ల చక్రాల ద్వారా రైలు చక్రాన్ని తిప్పుతుంది, చక్రం పట్టాని పట్టుకుని ముందుకి తోస్తుంది. ఓఎడో రైలులో అలా కాదు. మన ఇంటి నీళ్ల మోటారు ఉంది కదా, లోపల తిరిగేది ఒకటి, చుట్టూ తీగచుట్టలున్న గూడు ఒకటి. ఆ మోటారుని నిలువునా చీల్చి చాపలా పరిచారనుకోండి. తీగచుట్టల చాప రైలు పెట్టె అడుగున ఉంటుంది. తిరగాల్సిన రెండో భాగం మాత్రం రైలులో ఉండదు, రెండు పట్టాల మధ్య నేల మీద పొడుగునా పరిచిన లోహపు పలకగా ఉంటుంది. దాన్నే రియాక్షన్ ప్లేట్ అంటారు. పైన చుట్టల్లో కరెంటు పారగానే అయస్కాంత శక్తి ఆ పలక మీద ఒత్తిడి పెట్టి రైలుని ముందుకి నెడుతుంది. రెంటికీ మధ్య ఖాళీ సుమారు 12 మిల్లీమీటర్లు. మీ చిటికెన వేలు అడ్డంగా పెడితే ఆ సందు దాదాపు నిండిపోతుంది. ఎనిమిది పెట్టెల రైలు, వందల మంది జనం, అంతా ఆ వేలెడు మందం గాలి మీద నడుస్తోందంటే నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.

అంటే ఆ రైలు మోటారులో సగం రైలులో ఉంది, మిగతా సగం ఓఎడో పట్టాల మధ్య ఉంది. ఇప్పుడు అదే రైలుని అసాకుసా లైన్ మీదకి తెచ్చామనుకోండి. పట్టాల వెడల్పు రెంటికీ ఒకటే, 1435 మిల్లీమీటర్లు. పై తీగలో కరెంటు కూడా ఒకటే, 1500 వోల్టుల డీసీ. కానీ అక్కడ పట్టాల మధ్య పలక లేదు. చుట్టల్లోకి ఎంత కరెంటు పంపినా నెట్టడానికి కింద ఏమీ ఉండదు. రైలు అంగుళం కూడా కదలదు. అందుకే మామూలు చక్రాల మోటార్లున్న ఇంజిన్ ముందు తగిలించి లాక్కెళ్తారు.

మరి ఇంత తిప్పలు తెచ్చే మోటారుని ఎందుకు పెట్టుకున్నారని మీరు అడగొచ్చు. టోక్యో కింద అప్పటికే సబ్‌వేలు, మురుగు కాలువలు, కేబుళ్లు కిక్కిరిసి ఉన్నాయి. కొత్త లైన్ వాటన్నిటి కిందకి దూరాలి. రొప్పొంగి స్టేషన్లో ప్లాట్‌ఫాం 42 మీటర్ల లోతున ఉంటుంది, ఎస్కలేటర్ మీద ఎంతసేపు దిగారో మీకే తెలుసు. లోతుకి పోయేకొద్దీ సొరంగం తవ్వే ఖర్చు పెరుగుతుంది, అందుకని సొరంగమే చిన్నది చేయాలి. చాపలా పరిచిన మోటారు పల్చగా ఉంటుంది కాబట్టి పెట్టె అడుగు కిందికి దించొచ్చు, చిన్న చక్రాలు పెట్టొచ్చు, దాంతో రైలు ఎత్తు తగ్గుతుంది, రైలు ఎత్తు తగ్గితే సొరంగం చుట్టుకొలత తగ్గుతుంది. ఓఎడో పెట్టె వెడల్పు సుమారు 2.5 మీటర్లే, అసాకుసా లైన్ పెట్టెలు 2.8 మీటర్ల దాకా ఉంటాయి. మీకు చిన్నగా కనిపించడం కంటి భ్రమ కాదు. ఇంకో లాభం కూడా ఉంది. నెట్టేది అయస్కాంతం కాబట్టి చక్రం జారుతుందన్న భయం లేదు, గట్టి ఎత్తుపల్లాల్లో కూడా ఎక్కేస్తుంది, మలుపులు కూడా బిగుతుగా తీసుకోవచ్చు. 1991లో నెరిమా, హికారిగావోకాల మధ్య చిన్న ముక్కగా మొదలై, 2000 డిసెంబరులో మొత్తం 40.7 కిలోమీటర్ల లైన్ అయింది.

రైళ్లకి పెద్ద పరీక్షలు తప్పనిసరి. జపాన్ నిబంధనల ప్రకారం మామూలు కరెంటు రైలుకి 4 ఏళ్లకి లేదా 6 లక్షల కిలోమీటర్లకి, ఏది ముందైతే అప్పుడు, ముఖ్యభాగాలన్నీ విప్పి చూడాలి. 8 ఏళ్లకి మొత్తం విప్పాలి. మన రైల్వేలో కొన్నేళ్లకోసారి పెట్టెని మొత్తం విప్పి బాగుచేయడాన్ని పీఓహెచ్ అంటామే, అలాంటిది. టోక్యో నడిబొడ్డున ఇంకో పెద్ద వర్క్‌షాప్‌కి స్థలం ఎక్కడుంది? అసాకుసా లైన్ చివర నిషి మాగోమే దగ్గర ఎలాగూ ఒకటి ఉంది. అందుకని షియోదోమే దగ్గర రెండు లైన్లనీ కలుపుతూ భూమి కింద ఒక అనుసంధాన మార్గం వేశారు, ఈ5000 కొన్నారు. మళ్లీ వెళ్తే నిషి మాగోమే స్టేషన్లో దిగి నడవండి, యార్డు మీదుగా ఒక వంతెన ఉంది. అదృష్టం బాగుంటే ఆ ఇంజిన్ పగటి వెలుతురులో కనిపిస్తుంది. మీ అబ్బాయిని కూడా తీసుకెళ్లండి.

ప్రశ్న: సార్, పలక లేకపోవడమే సమస్య అయితే అసాకుసా లైన్లో కూడా పలకలు పరిచేస్తే సరిపోయేది కదా? ఇంజిన్ కొనడం, దానికి మళ్లీ డ్రైవర్లు, నిర్వహణ, ఇదంతా ఎందుకు? (ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ, కానీ పలక పరచడం అంటే రోడ్డు మీద తారు పోసినంత తేలిక కాదు. సందు 12 మిల్లీమీటర్లే కాబట్టి పలక ఎత్తు ఎక్కడా తేడా రాకూడదు, పట్టాలు చీలే పాయింట్ల దగ్గర, మలుపుల దగ్గర ఎప్పుడూ కొలుస్తూ ఉండాలి. పైగా అసాకుసా లైన్ 1960 నుంచి ఒంటరి లైన్ కాదు. జపాన్లో ప్రైవేటు రైల్వేతో కలిసి నేరుగా రైళ్లు నడిపిన మొదటి సబ్‌వే అదే. కెయ్‌సెయ్, కెయ్‌క్యూ లాంటి కంపెనీల రైళ్లు నరిటా, హనేదా విమానాశ్రయాల మధ్య దాని గుండానే పోతాయి. ఎవరెవరి రైళ్లో తిరిగే పట్టాల మధ్య, ఎప్పుడో ఒకసారి వచ్చే అతిథి కోసం కిలోమీటర్ల కొద్దీ లోహం పరిచి కాపలా కాయడం దండగ. ఆ ఇంజిన్లు ఉంటే చాలు. పోనీ ఓఎడో రైళ్లకే మామూలు మోటార్లు అదనంగా పెడదామంటే వాటి అడుగున చోటే లేదు, చోటు మిగల్చకూడదనే కదా వాటిని అలా కట్టింది. నువ్వు వేసే లెక్కల్లో కూడా ఇది గుర్తుపెట్టుకో. రోజూ జరిగే పనికి ఒక రకం పరిష్కారం, నాలుగేళ్లకోసారి జరిగే పనికి ఇంకో రకం.

ప్రశ్న: నేను లాలాగూడ వర్క్‌షాప్‌లో 31 ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. పీఓహెచ్‌కి వచ్చే పెట్టెలకీ మా ఇంజిన్లకీ కప్లింగ్ తంటా పెద్దగా ఉండేది కాదు. కానీ జపాన్ లోకల్ రైళ్ల కప్లర్ వేరు, గూడ్సు ఇంజిన్ కప్లర్ వేరు అని విన్నాను. మరి ఎలా తగిలిస్తారు? బ్రేకులు ఎలా? (లాలాగూడ, సికింద్రాబాద్)

జవాబు: అయ్యా, మీలాంటివారు అడిగితే రాయడానికి హుషారుగా ఉంటుంది. మీరు విన్నది నిజమే. ఈ5000 సంగతి వేరు, అది ఒకే సంస్థ పరిధిలో ఆ రైళ్ల కోసమే చేయించుకున్న ఇంజిన్. మీరు అడిగేది దేశమంతా జరిగే పెద్ద వ్యవహారం, ఫ్యాక్టరీలో పుట్టిన కొత్త రైలుని కొన్న కంపెనీ గుమ్మం దాకా చేర్చడం.

కప్లర్ అంటే పెట్టెనీ పెట్టెనీ తగిలించే కొక్కెం. అక్కడ ఇంజిన్లకీ గూడ్సు వ్యాగన్లకీ మన సీబీసీ (సెంటర్ బఫర్ కప్లర్) లాంటి పిడికిలి కప్లర్. కరెంటు లోకల్ రైళ్లకి మాత్రం చదునుగా ముఖం ముఖం అతుక్కునే బిగుతు కప్లర్, రెండు పెట్టెల మధ్య ఊగిసలాట లేకుండా పట్టేస్తుంది, గాలి పైపు కూడా అదే కలుస్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి తగలవు. అందుకని ఒక వైపు పిడికిలి, ఇంకో వైపు చదును ముఖం ఉండే మధ్య ముక్కని తెచ్చి బిగిస్తారు. రైల్వే మనిషి దాన్ని చేత్తో సర్ది, పిన్ను వేసి, ఇంజిన్‌ని అడుగడుగునా పిలుస్తూ తగిలిస్తాడు, ఆ సైగలు మీకు కొత్త కాదు. ఈస్ట్ జపాన్ రైల్వే ఇంకో దారి పట్టింది. ఈఎఫ్64, ఈఎఫ్81 ఇంజిన్లలో కొన్నిటికి రెండు తలల కప్లర్ పెట్టింది. అక్కడికక్కడే తిప్పుకుంటే ఒకసారి పిడికిలి, ఒకసారి చదును. ఆ ఇంజిన్లు పాతబడ్డాయని ఇప్పుడు ఈ493 అనే రెండు పెట్టెల లాగుడు రైలుని 2021లో తెచ్చుకుంది.

బ్రేకు ఇంకా చిక్కు. ఇంజిన్ వెనకాల వ్యాగన్లకి బ్రేకు పడేది గాలి పైపులో ఒత్తిడి తగ్గితే. కొత్త కరెంటు రైలులో బ్రేకు ఆజ్ఞ తీగలో కరెంటు సంకేతంగా పోతుంది, ఆ పైపే ఉండదు. ఇంజిన్ డ్రైవర్ బ్రేకు వేస్తే వెనకాల పది పెట్టెలు వినకపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకని ప్రయాణం కోసమే తాత్కాలికంగా గాలి పైపు వేసి, ఇంజిన్ పైపులో ఒత్తిడిని చదివి రైలు బ్రేకుకి అర్థమయ్యేలా మార్చే పరికరం పెడతారు. గమ్యం చేరాక విప్పి వెనక్కి పంపేస్తారు.

అసలు కరెంటు రైలే కదా, తనే నడుచుకుంటూ వెళ్లొచ్చుగా అంటారా? దారిలో ఉన్న సిగ్నల్ వ్యవస్థకి సరిపోయే పరికరం ఆ రైలులో ఉండకపోవచ్చు, కరెంటు వేరే రకం కావొచ్చు, ఆ రైలు నడపడం దారిలోని డ్రైవర్లకి నేర్పి ఉండరు. అందుకని అది రైలుగా కాదు, సరుకుగా ప్రయాణం చేస్తుంది. నాకు ఈ మొత్తం విషయంలో బాగా నచ్చిన సంగతి ఇదే. 1987లో జాతీయ రైల్వేని విడగొట్టినప్పుడు ఏర్పడిన జేఆర్ ఫ్రైట్ అనే గూడ్సు కంపెనీ ఆ కొత్త రైలుని బియ్యం బస్తాల్లాగే సరుకు కింద బుక్ చేసుకుంటుంది. తళతళలాడే కొత్త పెట్టె పక్కన ఎక్కడినుంచి ఎక్కడికి అని రాసిన చిన్న చీటీ తగిలిస్తారు, వ్యాగన్‌కి తగిలించినట్టే. తన చక్రాల మీద తను దొర్లుతూ వెళ్లే సరుకు. దానికి కోషు యుసో అని పేరుంది, అంటే మొదటి రకం రవాణా. యమగుచి జిల్లాలో కుదమత్సులోని హిటాచీ ఫ్యాక్టరీ నుంచి టోక్యో దాకా ఇలా వెయ్యి కిలోమీటర్లు వస్తాయి రైళ్లు. దారి పొడుగునా కెమెరాలు పట్టుకుని నిలబడే జనం ఉంటారు, ఎండలో వానలో. వాళ్ల ప్రేమ నాకు అర్థమవుతుంది. ఆ రైలు మళ్లీ జన్మలో ఆ ఊళ్ల మీదుగా రాదు.

ప్రశ్న: అన్నగారూ, రైలుని ఫ్యాక్టరీకి లాక్కెళ్లడం సరే, మనుషుల్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్లే రైళ్లు లేవా అక్కడ? మా నాన్న విశాఖలో షిప్‌యార్డు ఉద్యోగి, షిఫ్టు టైముకి వెళ్లడం ఎంత కష్టమో చిన్నప్పుడు చూశాను. (గాజువాక)

జవాబు: ఉన్నాయమ్మా, అందులో ఒకటి ఈ కథకి నేరుగా తగులుతుంది. కోబే నగరంలో హ్యోగో స్టేషన్ నుంచి వదమిసాకి దాకా 2.7 కిలోమీటర్ల లైన్ ఉంది. రెండే స్టేషన్లు, ఎక్కితే దిగడమే. 1890 నాటిది. ఆ చివర మిత్సుబిషి ఓడల కార్ఖానా, చుట్టూ ఫ్యాక్టరీలు. అందుకే రైళ్లు పనిరోజుల్లో పొద్దున, సాయంత్రం మాత్రమే. ఆదివారం రెండంటే రెండు ట్రిప్పులు. మధ్యాహ్నం ఆ ప్లాట్‌ఫాం మీద పిట్ట కూడా ఉండదు.

1990 దాకా ఆ లైన్ మీద డీఈ10 అనే డీజిల్ ఇంజిన్ పాత ప్యాసింజర్ పెట్టెల్ని లాగేది. ప్రయాణం అయిదారు నిమిషాలే కాబట్టి కూర్చునే పనేముందని సీట్లు దాదాపు అన్నీ పీకేశారు, జనం నిలబడి వెళ్లేవారు. రెండు స్టేషన్లలోనూ ప్లాట్‌ఫాం ఒకే పక్కన ఉంటుంది. అందుకని తర్వాత వచ్చిన డీజిల్ రైలు పెట్టెలకి రెండో పక్క తలుపులు దాదాపు మూసేశారు. వాన పడే రోజు ఆ పెట్టెలో తడి గొడుగులు, టిఫిన్ డబ్బాలు, భుజం భుజం రాసుకుంటూ అంతమంది నిలబడి ఉండటం ఊహించుకోండి, మీ నాన్నగారి షిఫ్టు బస్సు గుర్తొస్తుంది. 2001లో లైన్‌కి కరెంటు వచ్చింది, నీలం రంగు 103 రకం రైళ్లు వచ్చి 2023 మార్చి దాకా తిరిగాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ లైన్ పక్కనే కవాసకీ వాళ్ల రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఉంది. పొద్దున పనివాళ్లని దింపేశాక పట్టాలు ఖాళీ. ఆ ఖాళీ పూటలో ఫ్యాక్టరీ గేటు తెరుచుకుని కొత్త రైలు బయటికి వస్తుంది, ముందు డీజిల్ ఇంజిన్, వెనకాల ప్లాస్టిక్ వాసన ఇంకా పోని పెట్టెలు. అప్పట్లో ఆ పని కూడా డీఈ10దే, ఇప్పుడు డీడీ200 వచ్చింది. పొద్దున మనుషులు ఆ పట్టాల మీదుగా లోపలికి వెళ్లి, వాళ్లలో కొందరు చేసిన రైళ్లు అవే పట్టాల మీదుగా బయటికి వస్తాయి. టీచరమ్మ గోతాండాలో చూసిన ఈ5000 కూడా కవాసకీ తయారీయే.

ప్రశ్న: మాది గుంతకల్లు. మీటరు గేజి పోయి బ్రాడు గేజి రావడం కళ్లారా చూశాం. జపాన్లో కూడా రెండు గేజిలంటారు కదా, మరి ఒక గేజి రైలుని ఇంకో గేజి మీద ఎలా లాగుతారు? బుల్లెట్ రైలుని కూడా అలాగే లాగుతారా?

జవాబు: జపాన్ మామూలు రైళ్ల గేజి, అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు, 1067 మిల్లీమీటర్లు, 1872లో మొదటి రైలు నాటి నుంచీ అదే. మన మీటరు గేజి కన్నా కొంచెం వెడల్పు. కొన్ని ప్రైవేటు లైన్లు, బుల్లెట్ రైళ్లు 1435. కెయ్‌క్యూ కంపెనీ 1435 గేజి వాడుతుంది. దాని కొత్త రైళ్లలో కొన్ని కోబేలో తయారవుతాయి. కోబే నుంచి రావాలంటే జేఆర్ వాళ్ల, అంటే పాత జాతీయ రైల్వే విడిపోయి ఏర్పడిన కంపెనీల, సన్న పట్టాల మీదే రావాలి. అందుకని మన రైల్వేవాళ్లు ట్రాలీ అనే చక్రాల చట్రాలు ఉన్నాయే, వాటిని తీసేసి, సన్న గేజి తాత్కాలిక ట్రాలీలు తొడిగి పంపుతారు. యోకోహామాలో కనజావా హక్కెయ్ దగ్గర ఫ్యాక్టరీకి చేరాక వాటిని తీసి అసలు ట్రాలీలు వేస్తారు. ఆ ఫ్యాక్టరీ కెయ్‌క్యూ లైన్ పక్కనే ఉంది, కానీ జేఆర్ కోసం కూడా రైళ్లు కడుతుంది. అందుకని అక్కడినుంచి జుషి వైపు కొంత దూరం రెండు పట్టాలకి బదులు మూడు పట్టాలు వేశారు. ఒకటి ఇద్దరికీ ఉమ్మడి, మిగతా రెంటిలో ఎవరిది వారికి. గుంతకల్లు వారు ఆ మూడు పట్టాల్ని చూస్తే అక్కడే నిలబడిపోతారు.

బుల్లెట్ రైలుని అలా లాగడానికి కుదరదు. ట్రాలీ మార్చినా పెట్టె వెడల్పు 3.38 మీటర్లు, పాత లైన్ల ప్లాట్‌ఫాంలని గీరేస్తుంది. అందుకని రోడ్డు మీద పొడుగాటి ట్రెయిలర్ల మీద, లేదా ఓడల మీద తరలిస్తారు, మామూలుగా రాత్రిపూట. ఒకసారి 2017 మార్చిలో కుదమత్సు ఊళ్లో బ్రిటన్ కోసం తయారుచేసిన రైలు పెట్టెల్ని పట్టపగలు రోడ్డు మీద తీసుకెళ్లారు, జనం చూడాలనే. చిన్న ఊరు, వేలాది మంది పిల్లా జెల్లాతో వచ్చి రోడ్డుకి రెండు పక్కలా నిలబడ్డారు. ఎప్పుడూ రాత్రి చీకట్లో వెళ్లిపోయే తమ చేతి పనిని ఊరంతా చూస్తుంటే ఆ ఫ్యాక్టరీ మనుషులకి ఎలా ఉండి ఉంటుందో అని చాలాసార్లు అనుకున్నాను.

ప్రశ్న: సార్, మాది కోటిపల్లి లైన్ పక్కన ఊరు. చిన్న లైన్, చిన్న రైలు. జపాన్లో ఇలాంటి చిన్న లైన్ల రైళ్లకి చెకప్ ఎక్కడ చేస్తారు? ప్రతి చోటా వర్క్‌షాప్ కట్టలేరు కదా. (ద్రాక్షారామం దగ్గర)

జవాబు: కట్టలేరు, కట్టరు కూడా. ఒక ఉదాహరణ చాలు. ఓదావరా నుంచి దైయూజాన్ దాకా 9.6 కిలోమీటర్ల లైన్ ఉంది, మూడు పెట్టెల రైళ్లు. కంపెనీ పేరు ఇజుహకోనే. ఇదే కంపెనీకి ఇంకో లైన్ ఉంది, మిషిమా నుంచి షుజెంజి దాకా. రెండూ ఎక్కడా కలవవు, మధ్యలో హకోనే కొండలు. వర్క్‌షాప్ రెండో లైన్లో దైబా దగ్గర ఉంది. మరి దైయూజాన్ రైలుకి చెకప్ టైము వస్తే?

కోడే 165 అనే పాత పనిరైలు పెట్టె చాలా ఏళ్లు ఆ రైలుని ఓదావరా దాకా లాక్కొచ్చింది. అక్కడ జేఆర్ ఫ్రైట్ ఇంజిన్‌కి అప్పగిస్తారు. అది దాన్ని తోకైదో మెయిన్ లైన్ మీద, పెద్ద పెద్ద గూడ్సు బళ్ల నడుమ, అతామీ దాటి తన్నా సొరంగంలోంచి మిషిమాకి తీసుకెళ్తుంది, దాదాపు 37 కిలోమీటర్లు. ఆ సొరంగం 7.8 కిలోమీటర్లు, తవ్వడానికి 16 ఏళ్లు పట్టింది, 67 మంది ప్రాణాలు పోయాయి, 1934లో తెరిచారు. మిషిమాలో సొంత కంపెనీ పాత ఇంజిన్ ఈడీ31 కాచుకుని ఉంటుంది, దైబా దాకా దానిది బాధ్యత. మూడు పెట్టెల పల్లెటూరి రైలు, ముగ్గురి చేతులు మారి, కొండ కడుపులోంచి దూరి ఆసుపత్రికి చేరుతుంది. పని అయ్యాక అదే దారిలో వెనక్కి. టోక్యో పడమర శివారులో సెయ్‌బు కంపెనీ తమగావా లైన్‌దీ ఇదే పరిస్థితి. 8 కిలోమీటర్ల లైన్, కంపెనీ మిగతా లైన్లతో సంబంధం లేదు, జేఆర్ పట్టాల మీదుగానే రాకపోకలు.

ప్రశ్న: పాతబడిన రైళ్లని ఏం చేస్తారు? వాటిని కూడా ఇంజిన్ పెట్టి లాగుతారా? మా పాప అడగమంది, ఏడో తరగతి. (నిజామాబాద్)

జవాబు: పాపకి చెప్పండి, అవును. ఈస్ట్ జపాన్ రైల్వేలో చాలా రైళ్ల చివరి ప్రయాణం నగానో వర్క్‌షాప్‌కి, చాలా ఏళ్లు అది ఈఎఫ్64 ఇంజిన్ వెనకాలే సాగింది. అక్కడ విప్పి ఇనుము ఇనుముగా, అల్యూమినియం అల్యూమినియంగా వేరుచేస్తారు. ఆ ఇంజిన్లే ఇంకో రోజు నీగాతా దగ్గర ఫ్యాక్టరీలో కట్టిన కొత్త రైళ్లని టోక్యో వైపు తెచ్చేవి. ఒకే ఇంజిన్, పుట్టినదాన్ని తేవడం, అయిపోయినదాన్ని సాగనంపడం.

అన్నీ విప్పేయరు. టోక్యో చుట్టూ తిరిగే ముసాషినో లైన్లో 205 రకం రైళ్లు ఏళ్లకేళ్లు తిరిగాయి. అవి పక్కకి తప్పుకునే వేళకి ఇండోనేషియా కొనుక్కుంది. 2018 నుంచి 2020 దాకా 336 పెట్టెలు వెళ్లాయి. ఒక్కో రైలుని ఇంజిన్ లాక్కుంటూ కొండలు దాటి, మంచు కురిసే ఊళ్లు దాటి నీగాతా రేవుకి తెచ్చేది. అక్కడ క్రేన్‌తో ఒక్కో పెట్టెనే ఎత్తి ఓడలో పెట్టారు. జకార్తాలో దిగాక వాటికి కొత్త రంగు వేశారు, ముందు అద్దాలకి రాళ్లు తగలకుండా ఇనుప జాలీ పెట్టారు. అక్కడ పై తీగలో కరెంటు కూడా 1500 వోల్టులే, పట్టాలు కూడా 1067 మిల్లీమీటర్లే. అందుకని ఆ గడ్డ మీద మళ్లీ తమంతట తామే నడిచాయి, ఇంజిన్ అక్కర్లేకుండా.